ఏ ఊరి గ్రహణం అది?

గ్రహణం ఇంకా వారం రోజుల దూరంలో ఉండగానే మన వార్తావాహినులలో సందడి మొదలవుతుంది. తెర వెనుక ఎర్రటి చంద్రుడు, ముందు నలుగురు పండితులు, అడుగున పరుగెత్తే అక్షరాలలో గ్రహణకాలం. ఇన్ని గంటలకు పట్టు, ఇన్ని గంటలకు విడుపు. ఏ రాశివారికి శుభమో, ఏ నక్షత్రంవారు చూడరాదో గంటల తరబడి చెబుతారు. చెప్పనిది ఒక్కటే. ఆ గంటలు ఏ ఊరివి?

నా వాదం ఇది. ఊరి పేరు చెప్పకుండా గ్రహణకాలం చెప్పడం తప్పు. ఖగోళశాస్త్రం ప్రకారం తప్పు, ధర్మశాస్త్రం ప్రకారమూ తప్పే. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది చీకటి గదులలో కూర్చున్న గర్భిణులు, నిరాహారంగా ఉన్న ముసలివాళ్ళు. టపా సారాంశం ఇంతే. తీరిక లేనివారు ఇక్కడితో ఆగవచ్చు. తక్కినవారు నాతో కాస్త దూరం నడవండి.

గ్రహణాల మీద మనవాళ్ళ తగవు ఎప్పుడూ ఒకే గాడిలో సాగుతుంది. ఒక పక్షం పాటించమంటుంది, రెండవ పక్షం మానెయ్యమంటుంది. జనవిజ్ఞాన వేదికవంటి సంస్థలవారు గ్రహణవేళ నలుగురిలో ఫలహారాలు పంచి, తిని చూపిస్తారు. ఆస్తికులు నొచ్చుకుంటారు. ఈ తగవులో నేను ఎటువైపు అన్నది ఇక్కడ అప్రస్తుతం. పాటించాలా వద్దా అన్నది రెండవ ప్రశ్న. అసలు మన ఊరికి ఆ గ్రహణం ఉన్నదా, ఉంటే ఎంతసేపు అన్నది మొదటి ప్రశ్న. మొదటిదాన్ని వదిలేసి రెండవదాని మీద జుట్లు పట్టుకోవడం మనకు అలవాటైపోయింది.

2022 నవంబరు 8: ఒక లెక్క

ఆనాటి సంపూర్ణ చంద్రగ్రహణానికి భారత కాలమానంలో స్పర్శ మధ్యాహ్నం 2.39కి. చంద్రుడు పూర్తిగా నీడలో మునిగినది 3.46కి, బయటపడనారంభించినది 5.12కి, మోక్షం సాయంత్రం 6.19కి. ఈ అంకెలలో దోషం లేదు. అయితే తిరుపతిలో ఆనాడు చంద్రుడు ఉదయించినది సాయంత్రం 5.40 దాటిన తరువాత! స్పర్శ జరిగిన తరువాత మూడు గంటలపాటు చంద్రుడు మన కాళ్ళకింద, భూగోళానికి ఆవలి ప్రక్కన ఉన్నాడు. సంపూర్ణ దశ మొత్తం అక్కడే గడిచిపోయింది. మనకు మిగిలినది చివరి 35, 40 నిమిషాల పాక్షిక గ్రహణం మాత్రమే.

ఇదేమీ రహస్యం కాదు. కేంద్రప్రభుత్వం ఆ గ్రహణానికి ముందే విడుదల చేసిన ప్రకటనలో ఊరూరికీ వేరువేరు లెక్క ఉన్నది. చంద్రోదయం మొదలు మోక్షం దాకా ఢిల్లీలో 50 నిమిషాలు, చెన్నైలో 40, బెంగళూరులో 29, ముంబయిలో 18. కలకత్తావారికి మాత్రం 20 నిమిషాల సంపూర్ణ దశ కూడా దక్కింది. తిరుపతి, చిత్తూరులు చెన్నైకీ బెంగళూరుకూ నడుమ ఉన్నవి గనుక మన వాటా ఆ రెండింటికీ నడుమ అని బడిపిల్లలు కూడా చెప్పగలరు. ఇంత సులభమైన సంగతిని రోజంతా గ్రహణం గురించే మాట్లాడిన వాహినులు ఎందుకు చెప్పలేకపోయాయి?

అదే గ్రహణం అమెరికాలోని డల్లాసులో ఉన్న మన తెలుగువారికి అదే తేదీన తెల్లవారుజామున 3.09కి మొదలైంది. సంపూర్ణ దశ 4.16 నుండి 5.41 దాకా, నడినెత్తిని దాటి పడమటికి దిగుతున్న చంద్రుని మీద, వాళ్ళు నిదానంగా చూడగలిగారు. నిజానికి ఆ గ్రహణం వాళ్ళది. మనకు చేరినది దాని తోక. 2025 సెప్టెంబరు 7 రాత్రి ఇందుకు సరిగ్గా విరుద్ధంగా జరిగింది. తిరుపతిలో రాత్రి 9.57 నుండి 1.26 వరకు ఆద్యంతం చంద్రుడు ఆకాశంలోనే ఉన్నాడు. డల్లాసువారికి అది పట్టపగలు, వారికి గ్రహణమే లేదు.

గోడకు ఆవల

2022లో ఆ మధ్యాహ్నం మా పక్కింట్లో ఏడవ నెల గర్భిణి ఒకతె ఉన్నది. రెండు గంటలకల్లా ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టారు. తిండి లేదు, మంచినీళ్ళు లేవు, కదలరాదు, గోరు గిల్లుకోరాదు. నేను వాళ్ళ అత్తగారితో అన్నాను: “పెద్దమ్మా, చంద్రుడు పొడిచేదే అయిదు నలభై దాటినాక. అంతదాకా ఆ బిడ్డను గాలికి కూర్చోనీకూడదా?”

ఆమె నావైపు జాలిగా చూసింది. “రెండున్నరకే పట్టేస్తాదంట గదా నాయనా! టీవీలో పొద్దన్నించీ అదే చెప్తా ఉండారు. రేపు పుట్టే బిడ్డకు ఏమన్నా అయితే నువ్వొచ్చి జవాబు చెప్తావా?”

నా దగ్గర సమాధానం ఉన్నది గానీ, ఆమెకు కావలసిన హామీ లేదు. రాత్రి ఏడు దాటాక ఆ పిల్ల బయటికి వచ్చి, కళ్ళు తిరిగి గడపమీద కూలబడింది. తరువాత బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆ క్షేమం కూడా గ్రహణం పాటించినందువల్లనే అని లెక్క కట్టారు. అయిదుగంటల నిర్బంధంలో మూడుగంటలకు పైగా చంద్రుడు ఆకాశంలో లేనే లేడన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ అత్తగారిని నేను తప్పుపట్టను. కోడలిమీద ప్రేమతోనే చేసింది. ఆమె అమాయకత్వాన్ని వెక్కిరిస్తూ, మన జిల్లాలోనే శ్రీహరికోట ఉన్నదనీ, 2023లో అక్కడినుండి చంద్రయానం సాగిందనీ ఎద్దేవా చేయడం కూడా నాకు నచ్చదు. రాకెట్టు లెక్క వేరు, ఇంటి లెక్క వేరు. ఆమెకు ఎవరో ఒకరు సరియైన అంకె ఇవ్వవలసింది. ఇవ్వగలిగినవారు ఇవ్వలేదు. నా కోపం వారిమీద.

రెండు అంకెలు చాలు

సూర్యగ్రహణం చిక్కు లెక్క. చంద్రుని నీడ భూమిమీద పరుగెడుతుంది, ఊరు మారితే స్పర్శ మారుతుంది, మోక్షం మారుతుంది, గ్రాసం మారుతుంది. చంద్రగ్రహణం అటువంటిది కాదు. భూమి నీడ చంద్రుని మీద పడుతుంది. నీడలో మునిగినది చంద్రుడే గనుక చూడగలిగినవారందరికీ అది ఒకే క్షణంలో జరుగుతుంది. తిరుపతిలో స్పర్శ ఎప్పుడో కుప్పంలోనూ అప్పుడే, కాశీలోనూ అప్పుడే. మారేది ఒక్కటి: ఆ క్షణానికి మన దిగంతంపైన చంద్రుడు ఉన్నాడా, లేడా?

ఇది తెలుసుకోవడానికి పండితుడు అక్కరలేదు. చంద్రగ్రహణం పున్నమినాడే వస్తుంది. పున్నమినాడు సూర్యుడు అస్తమించే వేళకే ఇంచుమించుగా చంద్రుడు ఉదయిస్తాడు, సూర్యోదయవేళకు అస్తమిస్తాడు. కాబట్టి ఆ రోజు మన ఊరి సూర్యాస్తమయం, మరునాటి సూర్యోదయం తెలిస్తే చాలు. స్పర్శకూ మోక్షానికీ నడుమ ఉన్న కాలంలో ఎంత భాగం ఆ రాత్రిలో పడుతుందో అంతే మన గ్రహణం. రాత్రిలో ఏమీ పడకపోతే మనకు గ్రహణం లేదు. రెండు మూడు నిమిషాల తేడా రావచ్చు. ఇంటి పనికి అది అడ్డం కాదు.

మన ప్రాంతానికి ఈ సూత్రం వర్తింపజేసి చూడండి.

2021 మే 26 సంపూర్ణ గ్రహణం: మోక్షం సాయంత్రం 6.23కి. వేసవి గనుక తిరుపతిలో సూర్యుడు ఆరున్నర దాకా దిగడు. చంద్రోదయానికి ముందే మోక్షం అయిపోయింది. కలకత్తాలో కొన్ని నిమిషాలు కనిపించింది, మనకు లేదు.

2021 నవంబరు 19 పాక్షిక గ్రహణం: దాదాపు 580 ఏళ్ళలో అతి దీర్ఘమైన పాక్షిక చంద్రగ్రహణమని ఊదరగొట్టారు. అది నిజమే. కానీ మోక్షం సాయంత్రం 4.17కి. మన దేశంలో అరుణాచల్, అస్సాంల ఈశాన్యపు కొసలకు తప్ప ఎవరికీ దక్కలేదు. తిరుపతివారు ఆ రోజులలో వరదనీటిలో మునిగి ఉన్నారు, లేని గ్రహణం గురించి కూడా భయపడవలసిన పని వారికి లేకపోయింది.

2023 అక్టోబరు 28 రాత్రి పాక్షిక గ్రహణం: 29వ తేదీ తెల్లవారుజామున 1.05 నుండి 2.24 వరకు. చంద్రుడు నడి ఆకాశంలో. మనకు ఆద్యంతం ఉన్నది. అయితే కప్పబడినది చంద్రబింబపు వ్యాసంలో ఎనిమిదవ వంతు.

2026 మార్చి 3 సంపూర్ణ గ్రహణం: స్పర్శ మధ్యాహ్నం 3.20, మోక్షం సాయంత్రం 6.47. తిరుపతిలో చంద్రోదయం సుమారు 6.20. మన వాటా అరగంటకు లోపే.

2026 ఆగస్టు 28 పాక్షిక గ్రహణం: స్పర్శ ఉదయం 8 దాటిన తరువాత. మన చంద్రుడు ఆరుగంటల వేళకే అస్తమయం. కాబట్టి మనకు శూన్యం.

ఇవి కాక ఉపచ్ఛాయా గ్రహణాలు కొన్ని ఉన్నాయి. 2023 మే 5 రాత్రి వచ్చినది అటువంటిదే. చంద్రుడు భూమి యొక్క అసలు నీడను తాకకుండా దాని చుట్టూ ఉన్న పలుచని ఛాయలోనుండి పోతాడు. చెబితే తప్ప కంటికి తేడా తెలియదు. మన పంచాంగకర్తలు వీటిని గ్రహణాలుగా లెక్కించరు. వాహినులు లెక్కిస్తాయి, వాటికి గ్రహణాల సంఖ్య ముఖ్యం గనుక.

శాస్త్రం ఏమంటుంది?

“ఇదంతా మీ ఆధునికుల లెక్క” అనేవారికి మన లెక్కే చూపిస్తాను. 1790 ప్రాంతంలో కాశీనాథోపాధ్యాయుడు కూర్చిన ధర్మసింధువు నేటికీ మన పురోహితులకు ప్రమాణగ్రంథం. అందులోని నిర్ణయం స్పష్టం: గ్రహణం కంటితో చూడదగినదై ఉన్నంతకాలమే పుణ్యకాలం. గ్రస్తోదయమైతే, అనగా పట్టిన చంద్రుడే ఉదయిస్తే, ఉదయం నుండే పుణ్యకాలం. గ్రస్తాస్తమయమైతే అస్తమయంతో సరి. ఆ తరువాత వేరొక ద్వీపంలో గ్రహణం సాగుతున్నా మనకు పుణ్యకాలం లేదు. మబ్బు పట్టి కనబడకపోతే మాత్రం లెక్క ద్వారా తెలుసుకొని స్నానాదులు చేయాలి. మబ్బుకూ దిగంతానికీ ఉన్న భేదం ఆ గ్రంథకర్తకు ఎంత చక్కగా తెలుసో చూడండి. మబ్బు వెనుక చంద్రుడున్నాడు, దిగంతం కింద ఉన్నవాడు మన చంద్రుడు కాడు.

అంటే 2022 నవంబరు 8న మధ్యాహ్నం 2.39కి తిరుపతిలో పట్టుస్నానం చేసినవారు ఖగోళశాస్త్రాన్నే కాదు, ధర్మసింధువును కూడా ఉల్లంఘించారు.

ఈ స్థానికదృష్టి మన సిద్ధాంతగణితంలోనే ఉన్నది. చంద్రుని కప్పేది భూమి నీడ అని క్రీ.శ. 499 నాటికే ఆర్యభటుడు వ్రాశాడు. రాహువు కారణం కాదని వరాహమిహిరుడు బృహత్సంహితలో వాదించాడు. అంతకంటే నాకు ముఖ్యమైనది మరొకటి. మధ్యరేఖకు వేసిన లెక్కను తన ఊరికి తెచ్చుకోవడానికి గణకుడు దేశాంతర సంస్కారం చేస్తాడు, చరసంస్కారం చేస్తాడు. రెండవదానికి పలభ కావాలి. విషువద్దినాన మధ్యాహ్నం 12 అంగుళాల శంకువుకు పడే నీడ పలభ. అది తిరుపతిలో సుమారు 2.9 అంగుళాలు, శ్రీకాకుళంలో దాదాపు 4. ఒకే భాష మాట్లాడే రెండు ఊళ్ళకు కూడా ఒకే లెక్క పనికిరాదని, కర్ర పాతి నీడ కొలిచి మరీ నిర్ణయించుకున్న సంప్రదాయం ఇది.

జాన్ వారెన్ అనే ఆంగ్లేయుల కొలువులోని అధికారి 1825లో మద్రాసులో ‘కాలసంకలిత’ అనే గ్రంథం అచ్చువేయించాడు. పుదుచ్చేరిలోని ఒక తమిళ పంచాంగకర్త నేలమీద గవ్వలు పేర్చి, నోటికి వచ్చిన వాక్యాల సాయంతో ఆ ఏటి చంద్రగ్రహణాన్ని గణించడం ఆయన స్వయంగా చూశాడు. స్పర్శకాలంలో వచ్చిన తేడా 4 నిమిషాలు. మధ్యకాలంలో 23, మోక్షంలో 52. కాగితం లేకుండా ఆ మాత్రం లెక్క తేల్చిన వాని వారసులం, నేడు చేతిలో చరవాణి పెట్టుకొని, ఉజ్జయినికో ఢిల్లీకో వేసిన గంటలను వాట్సాపులో బంధువులకు పంపుతున్నాము. సంప్రదాయం పేరిట జరుగుతున్న ఈ పనిలో సంప్రదాయం పాలు ఎంత?

ఆక్షేపణలు, సమాధానాలు

*ఒకటి: “గ్రస్తోదయానికి వేధ పగలంతా ఉంటుంది కదా? మధ్యాహ్నం తినరాదనే శాస్త్రం.”*

ఉన్నది, కాదనను. కానీ వేధ భోజన నియమం మాత్రమే. గదిలో బంధించడం, కిటికీలు మూయడం, కదలనీయకపోవడం వేధలో లేవు. పైగా బాలురకు, వృద్ధులకు, రోగులకు వేధాకాలాన్ని అదే ధర్మసింధువు బాగా కుదించింది. మధుమేహం ఉన్న తాతగారిని పొద్దుటినుండి పస్తు పెట్టేవారు శాస్త్రం పేరు ఎత్తేముందు ఆ పుట కూడా చదవాలి.

*రెండు: “కొండమీద స్వామివారి తలుపులే మూసినప్పుడు మనమెంత?”*

2022 నవంబరు 8న తిరుమల ఆలయాన్ని ఉదయం 8.40 నుండి రాత్రి 7.20 వరకు మూసి ఉంచారు. గ్రహణానికి ఆరుగంటల ముందుగా తలుపులు మూయడం అక్కడి ఆచారం. అది ఆలయానికి సంబంధించిన నిర్ణయం, అందులో నేను వేలు పెట్టను. అయితే తిరుపతికి 40 కిలోమీటర్లలోపున ఉన్న శ్రీకాళహస్తిలో, అదే గ్రహణానికి, ఆలయం తెరిచే ఉంటుంది. గ్రహణకాలంలో స్వామికి అభిషేకాలు చేస్తారు, భక్తులు రాహుకేతు పూజలకు బారులు తీరుతారు. ఒకే ఆకాశం కింద ఒక గుడి మూస్తారు, ఒక గుడి తెరుస్తారు. కనుక గుడి తలుపును బట్టి చంద్రుని స్థితిని నిర్ణయించలేము. అది ఆయా క్షేత్రాల సంప్రదాయం. తలుపులు మూసే వేళ ఇంట్లోని గర్భిణికి నియమం ఎలా అవుతుంది?

*మూడు: “పాటిస్తే పోయేదేముంది? జాగ్రత్త మంచిదే కదా.”*

ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన వాదం, మెత్తగా వినబడుతుంది గనుక. నిండు గర్భిణి అయిదారు గంటలు నీళ్ళు లేక ఉక్కపోతలో కూర్చుంటే పోయేది ఉన్నది. దీనికి వెనుక ఉన్న భయానికి మన భాషే పేరు పెట్టింది: గ్రహణం మొర్రి. పెదవి చీలి పుట్టిన ప్రతి బిడ్డనూ ఆ మాటతో పిలిచి, తల్లి ఏదో గ్రహణంనాడు బయటికి వచ్చి ఉంటుందని తీర్పు చెబుతున్నాము. గర్భంలో పై పెదవి రూపుదిద్దుకునేది నాలుగు నుండి ఏడు వారాల నడుమ. అంగిలి కలిసేది ఆరు నుండి తొమ్మిది వారాల నడుమ. ఏడవ నెలలో వచ్చిన గ్రహణం అప్పటికే అతుక్కున్న పెదవిని ఎలా చీలుస్తుంది? వంశపారంపర్యం, తల్లి ఆరోగ్యం, కొన్ని మందులు, పొగ వంటివి దీనికి కారణాలుగా వైద్యులు చెబుతారు. అది శస్త్రచికిత్సతో సరిచేయగల లోపం. బిడ్డ పెదవిని కుట్టవచ్చు. “నీవల్లనే ఇలా పుట్టింది” అన్న మాట తల్లి మనసులో చేసిన గాయాన్ని ఎవరు కుడతారు?

కావలసినది

నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. గ్రహణకాలం ప్రకటించేవారెవరైనా స్పర్శ, మోక్షాలతోబాటు చంద్రోదయమో చంద్రాస్తమయమో కలిపి, ఊరి పేరుతో చెప్పాలి. కలకత్తాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటరువారు రాష్ట్రీయ పంచాంగాన్ని తెలుగులోనూ అచ్చువేస్తున్నారు. తిరుపతిలో జ్యోతిషం బోధించే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్నది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్నది, అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞానకేంద్రం ఉన్నది. ఇన్ని ఉన్న ఊళ్ళో ఒక గృహిణికి తన ఊరి గ్రహణకాలం తెలియకపోవడానికి గణితం కారణం కాదు. ఊరి పేరు చేర్చితే భయం తగ్గుతుంది, భయం తగ్గితే చూసేవారు తగ్గుతారు. “మీ ఊళ్ళో అరగంటే, అది కూడా సాయంత్రం” అని చెబితే రోజంతా చర్చ నడవదు కదా!

పాటించేవారిని పాటించవద్దని నేను అనడం లేదు. ఉన్న గ్రహణాన్ని ఉన్నంతసేపు పాటించండి. చూడదలచినవారు చూడండి. చంద్రగ్రహణాన్ని నేరుగా చూస్తే కంటికి ఏ హానీ లేదు, అద్దాలు అక్కరలేదు. లేని గ్రహణానికి మాత్రం మనిషిని బంధించకండి.

2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం ఉన్నది. మధ్యకాలం భారత కాలమానంలో సుమారు 10.22. ఇది పూర్తిగా మనది. చంద్రగిరి కోట మీదికి తూర్పున లేచిన చంద్రుడు నెత్తికి వచ్చే వేళకు ఎర్రబడతాడు. అంతకుముందు వచ్చే ప్రతి గ్రహణానికీ మీ మీ ఊళ్ళ లెక్క మీరే వేయండి. స్పర్శ, మోక్షం, మీ ఊరి చంద్రోదయం, ఈ మూడూ చాలు. వేసినవారు ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయండి, తప్పులుంటే అందరం కలిసి దిద్దుకుందాం. ఊరి పేరు మాత్రం మరువకండి.